కలడో లేడో అన్న నోటితోనే

మొన్న ఒకచోట పిల్లలకు గజేంద్రమోక్షం పద్యాలు నేర్పుతున్నారు. ‘ఎవ్వనిచే జనించు’ అయ్యాక నేరుగా ‘లావొక్కింతయు లేదు’కి వెళ్లిపోయారు. మధ్యలో ‘కలడందురు దీనులయెడ’ ఏదండీ అని అడిగితే, ‘అది సందేహం పద్యం కదా, చిన్నపిల్లలకు ఎందుకులెండి’ అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. పోతనగారు అంత మొరలో ఆ పద్యాన్ని ఊరికే పెట్టారా?

కంటికి కనిపించని స్వామిని నమ్మడానికి బుద్ధి ఆధారమా, లోపలి స్ఫురణ ఆధారమా అని ఎంతెంతో వాదిస్తారు. నాకు జవాబు ఈ పద్యాల వరుసలోనే దొరికింది.

‘కలడందురు’ అని మూడుసార్లు అంటాడు గజేంద్రుడు. దీనుల దగ్గర ఉన్నాడంటారు, యోగుల దగ్గర ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు. అన్నీ విన్న మాటలే, చూసింది ఒక్కటీ లేదు. అందుకే ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అని ఉన్నదున్నట్టు అనేశాడు. వెంటనే వచ్చే ‘కలుగడే నాపాలి కలిమి’ పద్యమంతా తర్కం. దుర్మార్గుల చేత చిక్కిన సాధువులకు అడ్డపడేవాడు నాకు అడ్డపడడా? తెలిసినదాన్ని పట్టుకుని తెలియనిదాన్ని తేల్చుకోవడం; తర్కశాస్త్రంలో ‘అనుమాన ప్రమాణం’ అంటే ఇదే, సందేహం కాదు. కానీ దాని చివరి పాదం చూడండి: ‘వినడె చూడడె తలపడె వేగరాడె’. తర్కం అక్కడికొచ్చేసరికి ఏడుపైపోయింది! అప్పటికీ స్వామి ‘వాడే’. ఇంకొంచెం ముందుకెళ్తే ‘నీవే తప్ప నితఃపరం బెఱుగ’. వాడు కాస్తా నీవైపోయాడు. ఆ ఒక్క అడుగు బుద్ధి వేయించగలిగేది కాదు.

అలాగని అది గుడ్డినమ్మకమా? వ్యాసులవారి శ్లోకం చదవండి. ‘ఏవం వ్యవసితో బుద్ధ్యా సమాధాయ మనో హృది, జజాప పరమం జాప్యం ప్రాగ్జన్మన్యనుశిక్షితమ్’. బుద్ధితో నిశ్చయించుకున్నాడు, మనసును హృదయంలో నిలిపాడు, వెనకటి జన్మలో నేర్చుకున్న జపం చేశాడు. ‘అనుశిక్షితం’ అన్న మాట దగ్గర ఎన్నిసార్లు ఆగిపోయానో! ఆ స్ఫురణ ఎక్కడినుంచో ఊడిపడలేదు. ఇంద్రద్యుమ్న మహారాజుగా ఉన్నప్పుడు చేసిన సాధన, అగస్త్యుల శాపంతో ఏనుగు ఒళ్లు వచ్చినా చెరిగిపోలేదు. కాబట్టి మనసుకు తోచిందల్లా దైవప్రేరణ అనుకోకండి. భయమూ తోస్తుంది, ఆశా తోస్తుంది, రెండూ స్వామి గొంతుతోనే మాట్లాడతాయి. వడకట్టడానికి బుద్ధి ఉండాల్సిందే. 1000 ఏళ్లు మొసలితో పెనుగులాడాక తన బలం చాలదని తేల్చి చెప్పింది బుద్ధే కదా. పిలిచింది మాత్రం హృదయం. నేనైతే స్ఫురణకే పెద్దపీట వేస్తాను, సాధనలో పండిన స్ఫురణకి. అందుకే పిల్లలకు అన్ని పద్యాలూ నేర్పండి, వరుస తప్పకుండా నేర్పండి. సందేహం దాచిపెడితే వాళ్లకు అది రేపు ఒంటరిగా ఎదురవుతుంది.

ఆ తప్పు నేనూ ఒకసారి చేశాను. అమ్మ ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని చదివేదాన్ని. ఒక రాత్రి ‘కలడో లేడో’ అనడానికి నోరు రాక దాటేశాను. అమ్మ కళ్లు మూసుకునే ఉంది. సూది మీద ప్లాస్టర్ వేసిన చెయ్యి దుప్పటి మీద కొంచెం కదిలింది.

“ఒకటి వదిలేశావే” అంది.

మళ్లీ అక్కణ్ణించి ఎత్తుకున్నాను. ‘వేగరాడె’ దగ్గర అమ్మ పెదవులు కూడా కదిలాయి.

నాలుగో రోజు వెళ్లిపోయింది. చక్రం రాలేదు. నేను అడిగింది ఏదీ జరగలేదు, ఇదిగో రుజువు అని చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ తెల్లవారుజామున ఖాళీ మంచం మీద దుప్పటి మడతపెడుతుంటే, నా ప్రమేయం లేకుండానే నోట్లోంచి వచ్చింది, ‘నీవే తప్ప’ అని.