యాంటెబెల్లమ్ చదవకుండా సివిల్ వార్ ఆన్సర్ రాయకండి

సివిల్స్ ఫైనల్ లిస్టులో నా పేరు వచ్చింది. హిస్టరీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లు చాలామంది అడుగుతున్నారు కాబట్టి, నన్ను గట్టెక్కించిన వరల్డ్ హిస్టరీ గురించే ముందు రాస్తున్నాను.

సిలబస్‌లో అమెరికా సివిల్ వార్, లింకన్, బానిసత్వ నిర్మూలన ఉంటాయి. యాంటెబెల్లమ్ అన్న మాట కనపడదు. యుద్ధానికి ముందు కాలం అని అర్థం. మామూలుగా 1815 నుంచి 1861 వరకు లెక్కిస్తారు, కొందరు ఇంకా వెనక్కి వెళ్లి 1789 నుంచి మొదలుపెడతారు. నిర్వచనానికి ఒక్క లైను చాలు.

నాకు అసలు విషయం అర్థమైంది పత్తి దగ్గర. 1793లో ఈలై విట్నీ పత్తి గింజలు వేరుచేసే యంత్రం తయారుచేశాడు. పని తేలికైతే బానిసల అవసరం తగ్గాలి కదా? తగ్గలేదు. గింజ తీయడం సులువయ్యేసరికి పత్తి సాగు లోపలి ప్రాంతాలకు పాకింది, ఏరడానికి మనుషులు కావలసి వచ్చారు. 1790లో సుమారు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి దాదాపు 40 లక్షలయ్యారు. 1808 నుంచి బయటి దేశాల నుంచి బానిసల దిగుమతిపై నిషేధం ఉంది. అందుకే వర్జీనియా, మేరీలాండ్ నుంచి మనుషులను కొని అలబామా, మిసిసిపీ, లూసియానాలకు తోలేవారు. న్యూ ఆర్లీన్స్ వేలంలో తల్లిని ఒకరు, బిడ్డను ఇంకొకరు కొనుక్కుపోయేవారు. యాంటెబెల్లమ్ అనగానే తెల్ల స్తంభాల బంగళాల ఫొటోలు చూపిస్తారు. ఆ బంగళాలు లేచింది ఈ డబ్బుతోనే.

చాలా నోట్సుల్లో 'రాష్ట్రాల హక్కుల కోసం యుద్ధం' అని ఉంటుంది. దాన్ని అలాగే దించేయకండి. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలని 1850లో రాష్ట్రాలన్నిటికీ వర్తించే ఫెడరల్ (కేంద్ర) చట్టం తెచ్చుకున్నది బానిసలున్న దక్షిణాదే. 1860 డిసెంబర్‌లో అమెరికా నుంచి విడిపోతూ సౌత్ కరోలినా ఇచ్చిన ప్రకటనలో, ఉత్తరాది రాష్ట్రాలు బానిసలను తిరిగి అప్పగించడం లేదన్నది ప్రధాన ఫిర్యాదు. ఈ పాయింట్ రాస్తే మీ ఆన్సర్ మిగతావాటి నుంచి విడిగా కనిపిస్తుంది.

బానిసత్వంపై గొడవలో మైలురాళ్లయిన 1820 మిస్సౌరీ ఒప్పందం, 1854 కాన్సస్-నెబ్రాస్కా చట్టం, 1857 డ్రెడ్ స్కాట్ తీర్పు, 1859 హార్పర్స్ ఫెర్రీ దాడి మీకు తెలిసినవే. మిస్సౌరీ ఒప్పందం బానిసత్వానికి హద్దుగా పెట్టిన 36°30' గీతతో చిన్న మ్యాప్ వేయడం మాత్రం మర్చిపోకండి.

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్మేట్లు "అమెరికా పత్తికి ఇన్ని రోజులా?" అనేవారు. అవును, అన్ని రోజులూ కావాలి. కారణం తెలియకుండా తేదీలు బట్టీ పడితే పరీక్ష హాల్లో ప్రశ్న కాస్త తిప్పి అడిగినా చేతులెత్తేస్తాం. మూడ్ లేదనుకున్న రోజున కూడా కూర్చుని ఒక ఆన్సర్ రాయండి. మూడ్ కోసం ఎదురుచూసేవాళ్లకు ఈ పరీక్ష కాదు.

ఇదే పత్తి మోడరన్ ఇండియాలోనూ పనికొస్తుంది. యుద్ధంతో అమెరికా పత్తి ఆగిపోవడంతో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులు మన పత్తి కోసం ఎగబడ్డాయి, బొంబాయిలో ధరలు ఆకాశాన్నంటాయి. 1865లో యుద్ధం ముగియగానే ధరలు కూలాయి, దక్కన్ రైతు అప్పుల్లో చిక్కుకున్నాడు. వడ్డీ వ్యాపారులపై రైతులు తిరగబడ్డ 1875 దక్కన్ అల్లర్ల మీద ప్రశ్న వస్తే అక్కడి నుంచే మొదలుపెట్టండి.