మా పాప స్కూల్లో ప్యాడ్లు మళ్ళీ ఇప్పించడానికి నాలుగు నెలలు తిరిగాను

నిన్న సాయంత్రం మా పాప స్కూలు నుంచి వస్తూనే బ్యాగులోంచి శానిటరీ ప్యాడ్ల ప్యాకెట్ తీసి నా చేతిలో పెట్టింది. "వచ్చాయమ్మా, అందరికీ ఇచ్చారు" అంది. నాకు ఏడుపొచ్చింది.

మాది విశాఖలో కంచరపాలెం. పాప గవర్నమెంటు హైస్కూల్లో తొమ్మిదో తరగతి. 2021 అక్టోబరులో మన రాష్ట్రంలో 'స్వేచ్ఛ' పథకం మొదలైంది. ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రభుత్వ స్కూళ్ళలో, కాలేజీల్లో చదివే ఆడపిల్లలకి నెలకి పది ప్యాడ్లు ఉచితం అన్నారు. మా స్కూల్లో కొన్నాళ్ళు ఇచ్చారు, తర్వాత ఆగిపోయాయి. పాప క్లాసులో ఒక పిల్ల పాత గుడ్డ పెట్టుకుని వచ్చిందట. మరక కనిపిస్తుందని సాయంత్రం లాంగ్ బెల్ కొట్టేదాకా బెంచీ మీంచి లేవలేదట, అన్నానికి కూడా. అది విన్నాక నేను ఇంట్లో కూర్చోలేకపోయాను.

హెడ్మాస్టర్ గారు "పైనుంచి స్టాక్ రాలేదమ్మా" అన్నారు. నేను పేరెంట్స్ కమిటీలో ఉన్నాను కాబట్టి, ప్యాడ్లు ఇప్పించమని అర్జీ పెట్టాలన్న తీర్మానం ఒక్క మీటింగులో అయిపోయింది.

అసలు కష్టం అర్జీ దగ్గర. ఆ ఆఫీసు పేరు రాయను. సోమవారం పొద్దున్నే వెళ్ళి రెండు గంటలు లైన్లో నిలబడ్డాను. కంప్యూటర్ ముందున్న ఆయన కాగితం చదివి బోర్లా పెట్టేశాడు. "ఏటమ్మా ఇది? ఇలాంటివి మగాళ్ళ ముందు పెడతావేటి? ఇంట్లో మీ ఆయన లేడా, పంపించు" అన్నాడు. మగాళ్ళ ముందు పెట్టకూడని విషయానికి మా ఆయన్ని ఎందుకు పంపాలో నాకు అర్థం కాలేదు. వెనక ఇద్దరు నవ్వారు. అంతటితో ఆగకుండా హాలంతా వినబడేలా "నీకా, మీ అమ్మాయికా?" అని అడిగాడు. నా చెవులు కాలిపోయాయి. "మొత్తం స్కూలు పిల్లలకి సార్" అన్నాను, గొంతు వణుకుతుంటే. "ఇలా రాస్తే బాగోదు" అంటూ 'శానిటరీ నేప్కిన్లు' అన్న చోట 'విద్యార్థినుల సామగ్రి' అని టైపు కొట్టాడు. నేను ఊరుకున్నాను. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది అతని మాట కాదు, నేను ఊరుకోవడం.

మూడు వారాలకి ఫోనుకి మెసేజ్ వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడింది. ఒక్క ప్యాకెట్ కూడా రాలేదు, పరిష్కారం ఏమిటి? మళ్ళీ రెండు బస్సులు మారి వెళ్ళి అడిగితే తెలిసింది. 'సామగ్రి' అని ఉంది కదా, బ్యాగులూ బూట్లూ చూసే సెక్షనుకి పంపారు. వాళ్ళు "పిల్లలందరికీ బూట్లు అందాయి" అని రాసి ఫైలు మూసేశారు. ఒక్క మాట పలకడానికి సిగ్గుపడినందుకు ఇన్ని వందల మంది పిల్లల అవసరం చెత్తబుట్టలోకి పోయింది.

"వదిలేయ్, మన పాపకి మనం కొందాం" అన్నారు మా ఆయన. మనం కొనగలం. ఆ బెంచీ మీద పిల్ల సంగతి? ఒక మాట చెప్పాలి. 2018 జులైలో ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ తీసేశారు, సంతోషం. 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఒకే విధానం తయారుచేయమని కేంద్రానికి చెప్పింది. స్కాట్లాండ్‌లో అయితే 2020లో చట్టమే చేశారు. అవసరమైన వాళ్ళకి ఉచితంగా దొరికేలా చూడటం అక్కడి మునిసిపాలిటీల బాధ్యత, స్కూళ్ళ బాధ్యత. ఇక్కడ పథకం ఆగిపోతే మనం ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?

చివరికి పని చేసింది ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద పెట్టే దరఖాస్తు. ఫీజు జిల్లా ఆఫీసుకైతే పది రూపాయలు, మండల ఆఫీసుకైతే ఐదు. నేను పోస్టల్ ఆర్డర్ పెట్టి స్పీడ్ పోస్టులో పంపాను. చేతికి ఇవ్వకండి, ఆ కౌంటర్ల దగ్గర మళ్ళీ నిలబడొద్దు. "ఎందుకు ఇవ్వట్లేదు" అని అడగకండి, దానికి జవాబు రాదు. మా స్కూలుకి ఏ నెలలో ఎన్ని ప్యాకెట్లు విడుదలయ్యాయి, ఎవరు సంతకం చేసి తీసుకున్నారు, ఆ రిజిస్టర్ నకలు ఇవ్వండి అని రాశాను. ముప్పై రోజుల గడువు. ఇరవై ఆరో రోజున జవాబొచ్చింది. రెండు విడతలు మా స్కూలు పేరున విడుదలయ్యాయి, తీసుకున్నట్టు సంతకం మాత్రం ఎక్కడా లేదు. ఆ కాగితం పట్టుకుని హెడ్మాస్టర్ గారు, నేను వెళ్ళాం. వారంలో ఆటోలో అట్టపెట్టెలు దిగాయి. ఇప్పుడు మా వీధిలో ఎవరికి ఆర్టీఐ రాయాలన్నా నా దగ్గరకే వస్తున్నారు.

కమిటీలో ఇంకోటి కూడా పట్టుబట్టాను, పిల్లలకి ఒక డాక్టరమ్మ చేత క్లాసు. ఒక తండ్రి "ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోతారు" అన్నారు. ఎనిమిదో తరగతి పుస్తకంలోనే కౌమార దశ పాఠం ఉంది, ఇంట్లో చదువుకోమని దాటేస్తున్నారు, అంతే అన్నాను. డాక్టరమ్మ వచ్చారు. మగపిల్లలకి వేరే గదిలో సైన్సు సారు చెప్పారు. ఆడపిల్లలు పేర్లు లేకుండా చీటీలు రాసి చాక్‌పీసు డబ్బాలో వేశారు. "ఆవకాయ ముట్టుకుంటే నిజంగా బూజు పడుతుందా?" అని ఏడు చీటీలు. పట్టదమ్మా, తడి చెయ్యి పెడితే ఎవరు ముట్టుకున్నా పడుతుంది అన్నారావిడ. నాలుగైదు గంటలకోసారి ప్యాడ్ మార్చాలని, వారం దాటినా ఆగకపోతే ఆసుపత్రికి రావాలని చెప్పారు. నలభై ఏళ్ళు వచ్చాయి, నాకే ఎవరూ చెప్పలేదు ఇవి.

స్కూలు బాత్రూముల్లో ఇంకా మూత డబ్బాలు లేవు. వాడినవి ఎక్కడ వేయాలని పిల్లలు అడుగుతున్నారు. రాత్రి ఇంకో అర్జీ రాశాను. 'విషయం' అన్న చోట 'వాడిన శానిటరీ నేప్కిన్లు వేయడానికి మూత డబ్బాలు' అని పెద్ద అక్షరాలతో రాశాను.