గిర్ గయా

కార్గిల్ యుద్ధంలో, 1999 జూన్ 11 రాత్రి, తోలోలింగ్ శిఖరం మన చేతికి రావడానికి రెండు రాత్రుల ముందు, ద్రాస్ దగ్గర మా ఫిరంగుల పక్కనే శత్రువు గుండు పేలి నా ఎడమ మోకాలి కింద ఎముక నుజ్జయింది. పేలుడు ధాటికి రాళ్ల గట్టు దిగువకు పడిపోయాను. ప్రథమ చికిత్స చేస్తున్న నర్సింగ్ అసిస్టెంట్ ఏమైందని అడిగితే, పళ్లు బిగబట్టుకుని హిందీలో 'గిర్ గయా' అన్నాను. పడ్డానన్నది నిజమే కాబట్టి అతను నా చొక్కా గుండీకి దారంతో కట్టిన చీటీ మీద అదే రాశాడు. ఆ మాట తర్వాత పన్నెండేళ్లు నన్ను వెంటాడింది.

హెలికాప్టరు, శ్రీనగర్ బేస్ ఆసుపత్రి, మొదటి ఆపరేషను నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. మరవలేనిది మూడో రాత్రి. కాలు ఉబ్బి, పాదం చల్లబడింది. తెల్లవారుజామున నాలుగింటికి పాదంలో నాడి అందకపోతే మోకాలి వరకు తీసేయవలసిందేనని సర్జన్ సాబ్ నిర్ణయించారు. ఒక మలయాళీ సిస్టర్ రాత్రంతా అరగంటకోసారి వచ్చి, నా పాదం మీద రెండు వేళ్లుంచి, కళ్లు మూసుకుని 'ఉండు, ఉండు' అనేది. కాలిని వెళ్లిపోవద్దని బతిమాలుతున్నదనుకుని నేనూ లోలోపల అదే జపించాను. మలయాళంలో ఆ మాటకు 'ఉంది' అని అర్థమని, నాడి ఉన్నదని తనకు తాను చెప్పుకున్నదని నాకు తరువాత తెలిసింది. కాలు దక్కింది. త్రిపురాంతకేశ్వరుడికి మొక్కుకున్నందువల్లనే దక్కిందని మా అమ్మ చివరి దాకా నమ్మింది. నేను కాదనలేదు, కానీ ఆ రెండు వేళ్లను కూడా దేవుడి పక్కనే ఉంచుకున్నాను.

కోపం వచ్చినదల్లా 2006లో, పదవీ విరమణకు ముందు జరిగిన మెడికల్ బోర్డులో. సైన్యం లెక్కలో శత్రు చర్యవల్ల గాయపడినవాడు బ్యాటిల్ క్యాజువల్టీ, జారిపడినవాడు ఫిజికల్ క్యాజువల్టీ. మొదటివాడికి యుద్ధగాయ పింఛను, గాయపడినవారికిచ్చే పతకం వస్తాయి. రెండోవాడికి మామూలు వైకల్య పింఛనే, అది దాదాపు సగం. నా ఫైలులో 'పడిపోవడం' అని ఉన్నది. బోర్డులోని ఒక అధికారి కాగితాల నుంచి తల ఎత్తకుండానే, 'పతకం లేనివాడికి యుద్ధగాయం ఎక్కడిది?' అన్నారు. గాయం నమోదు కానిదే పతకం రాదు, పతకం లేనిదే గాయం నమ్మరు. ఎముక వెనుక గోధుమగింజంత ఇనుపముక్కను తెల్లచుక్కలా చూపిస్తున్న శ్రీనగర్ ఎక్స్‌రే ఫిల్ము ఆ బల్ల మీదే ఉన్నది. దానిని దీపానికి ఎత్తి చూసిన చేయి ఒక్కటీ లేదు.

ఐదేళ్లు అర్జీలు రాశాను. చివరకు నన్ను కాపాడింది మా బ్యాటరీ, అంటే మా ఫిరంగుల దళం, పాత కమాండర్ సాబ్. ఆ రాత్రి గుండు పడిన సమయం, గాయపడినవారి పేర్లు యూనిట్ యుద్ధ దినచర్య పుస్తకంలో ఉన్నాయని వెదికించి, తన సంతకంతో ధ్రువపత్రం పంపారు. 2011లో రికార్డు సవరించారు.

మరుసటి ఏడు పాత గాయం మళ్లీ తిరగబెట్టింది. ఎముకలో చీము పట్టి, చర్మానికి చిల్లు పడి కారుతుంటే, మాజీ సైనికుల వైద్య పథకం కింద ఆరు వారాలు రక్తనాళం గుండా యాంటీబయాటిక్ ఎక్కించారు. పథకం లేకపోతే పొలం అమ్ముకునేవాళ్లం. యుద్ధం ముగిశాక పదేళ్లకైనా ఎముక జబ్బు నిద్రలేస్తుంది, కనుక పాత మచ్చ ఎర్రబడి వేడెక్కితే ఉపేక్షించకండి. ఆసుపత్రిలో మీ గురించి ఏం రాశారో చదివించుకుని, ప్రతి కాగితానికీ నకలు తీసుకోండి.

ఆ మంచం మీద ఉండగానే పతకం రిజిస్టర్డు పోస్టులో వచ్చింది. నా భార్య తెచ్చి డబ్బా తెరిచి, అంచున చెక్కిన నా సిపాయి నంబరు అంకె అంకెగా కూడబలుక్కుని చదివి, 'ఏమండీ, ఇది మీదేనా?' అని అడిగింది. నాకు జవాబు చెప్పబుద్ధి కాలేదు. సెలైన్ సీసా అయిపోయింది, సిస్టర్‌ను పిలవమన్నాను.