తప్పులన్నీ ఒకేసారి చెప్పొచ్చు కదా!

నల్లగొండలో బత్తాయి రైతుల వివరాలు ఎక్కించే వెబ్ ఫారం ఒకటి బాగుచేయమని మా చేతికొచ్చింది. సేవ్ నొక్కితే పిన్‌కోడ్ తప్పంటుంది, అది సరిచేస్తే ఫోన్ నంబర్ తప్పంటుంది, అదీ దిద్దితే ఐఎఫ్ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడ్) దగ్గర ఆగుతుంది, వెనకాల లైన్‌లో నిలబడ్డవాళ్లకు ఒళ్లు మండదా మరి! కోడ్ తెరిస్తే సంగతి తెలిసింది: ప్రతి సెట్టర్ (ఒక్కో ఫీల్డ్‌లో విలువ పెట్టే కోడ్) తప్పు కనపడగానే ఎక్సెప్షన్ విసురుతోంది, అంటే పని అక్కడే ఆపేస్తోంది, మొదటిదాంతోనే కథ ముగుస్తోంది.

డేటాబేస్ పడిపోతే ఎక్సెప్షన్ సరే. మనుషులు తప్పు టైప్ చేయడం రోజూ ఉండేదే కదా. వివరాలు సరిచూసే వ్యాలిడేట్ మెథడ్ ఎర్రర్లన్నీ ఒక ఆబ్జెక్ట్‌లో పోగేసి, ఏ ఫీల్డ్‌కు ఏ ఎర్రరో చూపిస్తూ ఒకేసారి ఇవ్వాలి. వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్‌లు చూడండి: రైల్స్ మోడల్‌లో ఎర్రర్స్ ఆబ్జెక్ట్ చేసేది ఇదే, జాంగో ఫామ్స్ కూడా అంతే. ఏపీఐ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) అయితే ‘పంపిన వివరాలు తప్పు’ అనే 422 స్టేటస్ పంపండి (‘అంతా సరే’ అనే 200 పంపి లోపల ‘ఫెయిల్డ్’ అని రాసేవాళ్లకో దండం).

ఇక మెసేజ్. ‘ఇన్‌వాలిడ్ ఐఎఫ్ఎస్‌సీ’ అంటే ఎవరికి అర్థమవుతుంది? ఆ కోడ్‌లో 11 అక్షరాలు, ఐదోది సున్నా, అక్కడ ఇంగ్లిష్ ‘ఓ’ కొట్టేస్తుంటారు. ‘ఐదో చోట ఓ కాదు, సున్నా ఉండాలి’ అని చూపిస్తే ఆపరేటర్ ఎవరినీ అడగకుండా తనే దిద్దుకుంటాడు. ఆ వాక్యాన్ని మాత్రం వ్యాలిడేట్ మెథడ్ ఉండే క్లాసులో (ప్రోగ్రామ్ కోడ్‌లో) రాయకండి, క్లాసు ఎర్రర్ కోడ్ ఇస్తే చాలు, తెలుగు మాటలు విడిగా భాష ఫైల్లో ఉండనీయండి.