ఏమీ లేదు, టెన్షన్ అంతే

ఆ మాట అన్న డ్యూటీ డాక్టరు మీద నాకింకా కోపం పోలేదు.

పోయినేడు, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ రోజు, రాత్రి రెండున్నర. బెంగళూరు మారతహళ్లి ఫ్లాట్లో నేనొక్కడినే, మా ఆవిడ పురిటికని కర్నూలు వెళ్లింది. గుండె మీద రుబ్బురోలు పెట్టినంత బరువు, ఒళ్లంతా చెమట, ఎడమ చెయ్యి తిమ్మిరి. అప్పుడు కూడా నేను చూసుకున్నదేంటంటే, కాల్‌లో మ్యూట్ పడిందా లేదా అని! గోడ పట్టుకుని వెళ్లి ఎదురింటి బెల్ కొట్టాను. ఆ కన్నడ అంకుల్‌కి నా పేరు కూడా తెలియదు. లుంగీతోనే కారు తీసి, దారంతా "ఏనూ ఆగల్ల, ఏనూ ఆగల్ల" అంటూనే ఉన్నారు. ఏమీ కాదు అని. స్టీరింగ్ మీద ఆయన చేతులు వణుకుతున్నాయి.

ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. బీపీ మాత్రం 190/120. అది చూసి కూడా ఆ కుర్ర డాక్టరు నవ్వుతూ "ఏమీ లేదు, టెన్షన్ అంతే" అని, ఓ మాత్ర ఇచ్చి పొద్దున్నే పంపేశాడు. మా మేనేజరు ఇంకో అడుగు ముందుకేసి, "హమ్మయ్య, పదకొండింటి కాల్‌కి వస్తావుగా?" అన్నాడు. వెళ్లాను. అదీ నా తెలివి.

మా అత్తగారు ఫోన్‌లో పోరు పెడితే పదిరోజులకి వేరే కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఎకో, అంటే గుండె స్కాన్, తీసి, గుండె ఎడమ గది గోడ మందమైందని చూపించారు. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువుంటే గుండె బలంగా తోసి తోసి అలా అవుతుందట, పైకేమీ తెలియదట. వారానికి ఎన్ని గంటల పని అంటే అరవై పైనే అన్నాను. 35-40 గంటలు చేసేవాళ్లకంటే 55 దాటినవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్క తేల్చాయన్నారు. అప్పటికి నా వయసు 36.

ఇప్పుడు రోజూ మాత్ర, ఆవకాయ ఆదివారమే, రాత్రి కాల్స్ బంద్. ఆఫీసులో రేటింగ్ పోయింది, పోనీ. బీపీ మిషన్ ఒకటి కొనుక్కోండి బాబూ, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, అప్పుడు చూసుకోండి.

అలిపిరి నుంచి నడిపిస్తానని అమ్మ నా పేరు మీద మొక్కుకుంది, 3,550 మెట్లు. బీపీ అదుపులోకి వచ్చేదాకా ఆగమన్నారు డాక్టరమ్మ. పాప పుట్టువెంట్రుకలకి బస్సులోనే వెళ్లొచ్చాం. మెట్ల బాకీ అలాగే ఉంది.