నాయన మోకాళ్ళు

మా నాయన పంతొమ్మిదేళ్ళు ఫౌజులో చేశాడు. లడఖ్ కొండల్లో బరువులు మోసిన ఆ మోకాళ్ళతో ఇప్పుడు కడపలో ఆర్టీసీ బస్సు మెట్టు ఎక్కలేకపోతున్నాడు. ఆ మోకాళ్ళ వల్లే "లో మెడికల్ కేటగిరీ"లో, అంటే ఆరోగ్యం తగ్గి పూర్తి డ్యూటీకి పనికిరాని వాళ్ళలో పెట్టి ఇంటికి పంపారు. తీరా డిసేబిలిటీ పెన్షన్ (వైకల్యానికిచ్చే పింఛను) అడిగితే "సర్వీసుతో సంబంధం లేదు" అని ఒక్క లైన్లో తిప్పి కొట్టారు. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు.

మరుసటి రోజు ట్రంకు పెట్టె దించాం. చేరేటప్పటి వైద్య పరీక్షలో కీళ్ళ జబ్బు ఊసే లేదు. తర్వాతవన్నీ మిలిటరీ ఆసుపత్రి చీటీలు, బరువులెత్తకూడదని రాసిన కాగితాలు, చివరి మెడికల్ బోర్డు రిపోర్టు. ఒక్కటీ పారేయలేదు మహానుభావుడు!

2013లో ధరమ్‌వీర్ సింగ్ అనే సైనికుడి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చేరినప్పుడు రికార్డులో లేని జబ్బుతో సైనికుణ్ణి ఇంటికి పంపితే, అది సర్వీసు వల్లే వచ్చిందని భావించాలి. కాదంటే ఆ రుజువు చూపాల్సింది సైన్యమే, సైనికుడు కాదు. పెన్షన్ రావాలంటే వైకల్యం కనీసం 20 శాతం ఉండాలి. నాయనకు 30 అని బోర్డే రాసింది.

అప్పీలు మీద సంతకం పెడుతూ "అడుక్కున్నట్టుంది తల్లీ" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇది నీ హక్కు నాయనా అని పెన్ను చేతికిచ్చాను. రేపు పొద్దున్నే స్పీడ్ పోస్టు చేస్తున్నా.