మా హాలు ఒకప్పుడు బీరు కొట్టు

మా ఇంటి వీధి గోడకి, తలుపుకి కాస్త పక్కగా, ఒక ఇనప కొక్కెం ఉంది. జానెడు కమ్మీ గోడలోంచి బయటికొచ్చి చివర వంకీ తిరిగి ఉంటుంది. పూలబుట్ట కోసం ఎవరో కొట్టించుకున్నారనుకుని నేనూ పిటూనియాలు వేలాడదీశాను. మూడేళ్ల కిందట ఒక ఆదివారం కుర్చీ ఎక్కి వాటికి నీళ్లు పోస్తుంటే ఎదురింటి పెద్దాయన కర్ర ఊతంగా వచ్చి నిలబడ్డారు. "అది పూలకి కాదు, బోర్డుకి. ఇది పబ్బు. మీరు టీవీ పెట్టుకున్న గదిలోనే మా తాత బీరు తాగేవాడు" అన్నారు. ఆ పబ్బు పేరేమిటని అడిగితే మాత్రం తల గోక్కున్నారు.

మేముండేది ఇంగ్లండ్‌లో, సఫోక్ కౌంటీలో, ఇప్స్‌విచ్‌కి ఓ పది మైళ్ల అవతల. ఊరి పేరు రాయను. నూటయాభై గడప లేని ఊళ్లో పేరు రాయడమంటే డోర్ నంబరు రాసినట్టే.

ఆ రాత్రి ఫోన్లో చెబితే నాన్నకి నవ్వు ఆగలేదు. "అంత డబ్బు పోసి కల్లుపాక కొన్నావా తల్లీ!" అన్నారు. అమ్మ నవ్వలేదు. "పాలు పొంగించే దిగావుగా, ఏం కాదులే" అని తనకి తనే చెప్పుకుంది.

నాకు మాత్రం ఆ పేరు పట్టుకుంది. ఎర్ర సింహమో, తెల్ల జింకో, నాగలో, గంటో, ఇక్కడి పబ్బులన్నిటికీ ఏదో ఒక పేరుంటుంది. తెల్ల జింక రెండో రిచర్డ్ రాజుగారి గుర్తు. బోర్డు కట్టని బీరు కొట్లవాళ్ల సరుకు జప్తు చేసే రోజులు ఆయనవే, 1393 నాటి మాట. మా ఇంటికీ ఏదో ఒకటి ఉండే ఉంటుంది, కనుక్కోవడం ఎంతసేపు అనుకున్నాను. దాదాపు రెండేళ్లు పట్టింది.

ముందు మ్యాపులు. స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ వాళ్లు పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి సర్కారీ మ్యాపుల సంస్థ) మ్యాపులు స్కాన్ చేసి ఆన్‌లైన్లో ఊరికే చూడనిస్తున్నారు, ఇంగ్లండ్‌వి కూడా. మైలుకి 25 అంగుళాల లెక్కన గీసినవి. పెరట్లో చేతిపంపు ఎక్కడుందో కూడా కనిపిస్తుంది. పబ్బయితే పక్కన 'పి.హెచ్.' (పబ్లిక్ హౌస్) అని ఉంటుంది. మా ఇంటి పక్కన 1880ల మ్యాపులో 'బి.హెచ్.' అని ఉంది. బోర్ హోల్ అనుకున్నాను. పెరట్లో బోరుబావి ఉండేదని మా ఆయనకి గట్టిగా చెప్పి, ఆయన చేత వారం రోజులు గడ్డి తవ్వించినంత పని చేశాను. తీరా సంక్షిప్తాల పట్టిక చూస్తే, బి.హెచ్. అంటే బీర్ హౌస్.

పబ్బుకీ బీర్‌హౌస్‌కీ తేడా ఉంది. ఈ కథంతా ఆ తేడాలోనే ఇరుక్కుంది కాబట్టి ఓపిక పట్టండి. 1830 దాకా బీరు అమ్మాలంటే ఆ ప్రాంతపు మేజిస్ట్రేట్ల దగ్గర లైసెన్సు తెచ్చుకోవాలి. మేజిస్ట్రేట్లంటే ఎవరో కాదు, ఊళ్లో భూస్వామి, చర్చి ఫాదరు, వాళ్ల స్నేహితులు. నచ్చినవాడికిస్తారు, లేకపోతే లేదు. 1830లో వెల్లింగ్టన్ ప్రధానిగా ఉండగా (వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టనే) కొత్త చట్టం వచ్చింది. పన్ను కట్టే గృహస్థు ఎవరైనా సరే, ఎక్సైజు వాళ్లకి రెండు గినీలు కట్టేసి తన ఇంట్లోనే బీరు అమ్ముకోవచ్చు, కావాలంటే కాచుకోవచ్చు కూడా. బీరు మీద పన్ను కూడా ఎత్తేశారు. జనాన్ని జిన్ మానిపించి బీరు వైపు తిప్పడం, పెద్ద బ్రూవరీల పట్టు సడలించడం వాళ్ల ఉద్దేశం. జిన్, బ్రాందీ లాంటివి మాత్రం అమ్మకూడదు. ఆరు నెలల్లో ఇరవై వేలకు పైగా బీరు కొట్లు లేచాయి. పల్లెల్లో చెప్పులు కుట్టేవాడు, వడ్రంగి, కసాయి, ఎవరి ముందుగదిలో వాళ్లు ఒక పీపా దొర్లించుకుని రెండు బల్లలు వేసేశారు.

ఇలాంటి కొట్టుకి పేరుండి తీరాలని లేదు. లైసెన్సు తీసుకున్న మనిషి పేరు బోర్డు మీద రాసి పెట్టాలన్నదే చట్టం.

ఇంకో చిక్కు. అంతకుముందు ఏల్‌హౌస్‌ల (మేజిస్ట్రేట్ల లైసెన్సుతో నడిచే పాత బీరు కొట్ల) వివరాలు 1753 నుంచి 1828 దాకా మేజిస్ట్రేట్ల కాగితాల్లో చాలా కౌంటీల్లో దొరుకుతాయి. బీర్‌హౌస్‌లు వాళ్ల చేతికి వచ్చింది 1869లో. మధ్యలో నలభై ఏళ్లు ఎక్సైజు వాళ్లవి, ఆ లైసెన్సు పుస్తకాలు దాదాపు మిగల్లేదు. మా ఇల్లు సరిగ్గా ఆ గోతిలో పుట్టింది.

అందుకని పక్కదారులు పట్టాను. చర్చికి పంటలో పదోవంతు ఇవ్వడాన్ని డబ్బు కిందకి మార్చడానికి 1836లో ఒక చట్టం చేసి, దానికోసం ఊరూరా కొలిచి మ్యాపులు గీశారు. దాంతో పాటు ఒక జాబితా: ఏ ముక్క ఎవరిది, ఎవరుంటున్నారు, అందులో ఏముంది. మా ముక్కకి 'కాటేజ్, షాప్, తోట' అని ఉంది. షాప్ అన్న మాట చూసి ఎగిరి గంతేశాను. ఆ రోజుల్లో షాప్ అంటే పనివాడి కొట్టం అని తర్వాత తెలిసింది. అప్పటి మా ఇంటాయన బండి చక్రాలు చేసే వడ్రంగి. నడిమి దిమ్మ ఎల్మ్ కర్ర, ఆకులు ఓక్, చుట్టూ పూటీలు యాష్. ఇప్పుడు మేం కారు పెట్టుకునే షెడ్డే ఆ కొట్టం అయ్యుండాలి.

ఆ తర్వాత డైరెక్టరీలు. వైట్ అనే ఆయన 1844లోనూ 1855లోనూ సఫోక్ అంతటికీ డైరెక్టరీలు వేశాడు. ప్రతి ఊరి గురించీ ఒక పేరా, కింద ఊళ్లో పనివాళ్ల పేర్లు. లెస్టర్ యూనివర్సిటీ సైట్‌లో ఇలాంటివి బోలెడు చదువుకోవచ్చు. 1844లో మా ఆయన (ఇంటాయన, మా ఆయన కాదు) ఉత్త చక్రాలవాడు. 1855 కల్లా 'వీల్‌రైట్ అండ్ బీర్‌హౌస్'. అంటే ఈ పదకొండేళ్ల మధ్య ఎప్పుడో మా హాల్లోకి పీపా వచ్చింది.

తర్వాత జనాభా లెక్కలు. పదేళ్లకోసారి, 1841 నుంచి మనుషుల పేర్లతో సహా ఉన్నాయి. ఇళ్లకి నంబర్లుండవు, లెక్కలవాడు నడిచిన దారిని పట్టి మన ఇల్లు మనమే వెతుక్కోవాలి. ప్రతిసారీ కమ్మరి కొలిమి తర్వాత వచ్చేది మాదే. 1851లో ఆయన ఎదురుగా 'వీల్‌రైట్', ఆవిడ ఎదురుగా 'వీల్‌రైట్ భార్య'. 1861లో ఆయనది అదే, ఆవిడ గడి ఖాళీ. బీరు మాటే లేదు. 1871లో ఆయన లేడు. ఇంటిపెద్ద ఆవిడ. వితంతువు, నలభై ఆరేళ్లు, వృత్తి గడిలో 'బీర్‌హౌస్ కీపర్'.

అక్కడ కాసేపు ఆగిపోయాను. మొగుడు పోయాక ఆవిడ కొత్తగా నేర్చుకున్న పని కాదుగా ఇది. కొట్టంలో చక్రం ఆకులు చెక్కే మనిషి ముందుగదిలో గ్లాసులు నింపలేడు. పీపా చూసుకున్నదీ, అప్పులు గుర్తుపెట్టుకున్నదీ, తాగి తూలేవాడిని గడప దాటించిందీ మొదట్నుంచీ ఆవిడే అయ్యుంటుంది. గడి మాత్రం ఖాళీ. తెనాలి దగ్గర మా అమ్మమ్మ నలభై ఏళ్లు కిరాణా కొట్టు నడిపింది. తాతయ్య పొలం మనిషి, చింతపండు ధర కూడా తెలీదు. బోర్డు మీద మాత్రం తాతయ్య పేరే ఉండేది. ఆ మాటకొస్తే నేనూ ఈ దేశంలో మొదటి మూడేళ్లు కాగితాల్లో 'డిపెండెంట్'నే.

అప్పటి నుంచి పబ్బు పేరుతో పాటు ఆవిడని కూడా వెతకడం మొదలైంది.

దొరికింది పేపర్లో. పాత పత్రికలు ఆన్‌లైన్లో డబ్బు కట్టి చూడొచ్చు. ఇప్స్‌విచ్ జర్నల్‌లో మా ఊరి పేరు కొట్టి, రాత్రి పిల్లలు పడుకున్నాక వరసపెట్టి చదివేదాన్ని. ఎక్కువ భాగం పందుల దొంగతనాలు, ముల్లంగి పోటీలు. ఒకచోట ఆదివారం చర్చిలో ప్రార్థన జరుగుతున్న వేళ బీరు పోసిందని ఆవిడకి జరిమానా. మరోచోట, 1874 కోతల కాలంలో, పావు కాలమ్ వార్త. గడ్డిబండి కింద పడి ఒక పాలేరు కుర్రాడు చనిపోయాడు. శవవిచారణ 'శ్రీమతి ఫలానా గారి బీర్‌హౌస్‌లో' జరిగింది.

ఆ రోజుల్లో పల్లెల్లో విచారణకి వేరే చోటుండేది కాదు. పన్నెండు మంది జ్యూరీ, విచారణ జరిపే కరోనరు, సాక్షులు కూర్చోగలిగిన గది పబ్బులోనే ఉంటుంది. పైగా జ్యూరీ శవాన్ని కళ్లారా చూసి తీరాలి, 1926 దాకా అది తప్పనిసరి. కాబట్టి ఆ కుర్రాడు కూడా ఇక్కడే ఎక్కడో ఉండుండాలి, ముందుగదిలోనో వెనక వసారాలోనో. లైసెన్సున్న చోట్ల ఇలాంటివి పెట్టకూడదని, వేరే వసతి ఉంటేనే సుమా, 1902లో గానీ చట్టం రాలేదు.

ఆ వార్త చదివిన రాత్రి నేను హాల్లోనే కూర్చునున్నాను. మా హాలు నేల పామెంట్లు, అంటే ఈ ప్రాంతపు నలుచదరపు మట్టి పలకలు. పొయ్యి పక్కన ఒకే ఒక పలక మధ్యలో గిన్నెలా గుంటపడి ఉంటుంది. పిల్లలు గోళీలు దొర్లిస్తే చివరికి అన్నీ అక్కడికే చేరతాయి. అరవై ఏళ్లు ఒకే చోట బల్ల జరిపి జరిపి అరిగిందో, పీపా దించి దించి అరిగిందో. లేచి చెప్పులు విడిచి దానిమీద ఒక కాలు పెట్టి చూశాను. చల్లగా ఉంది. శవవిచారణ సంగతి నాన్నకి చెప్పాను గానీ అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే శాంతి చేయించమంటుంది, ఇప్స్‌విచ్‌లో పురోహితుణ్ణి ఎక్కడ పట్టుకొచ్చేది?

వార్తలోనూ పబ్బు పేరు లేదు. ఇక మిగిలింది లైసెన్సు రిజిస్టరు. సఫోక్ కౌంటీ కాగితాలు ఇప్స్‌విచ్‌లో 'ది హోల్డ్' అనే భవనంలో ఉంటాయి, 2020లో తెరిచారు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. పుస్తకాన్ని స్పాంజి దిళ్ల మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి ఇచ్చారు. 1900ల నాటి రిజిస్టరు. వరసగా గళ్లు: ఊరు, లైసెన్సుదారు, సొంతదారు, లైసెన్సు రకం, ఇంటి గుర్తు (అంటే బోర్డు మీది పేరు). వేలు పెట్టి గీత వెంట నెమ్మదిగా జరుపుకుంటూ పోయాను. పైన ఊరివాళ్లది 'ప్లౌ' (నాగలి), కింద ఊరివాళ్లది 'బెల్' (గంట). మాది: 'గుర్తు లేదు'.

రెండేళ్లు వెతికింది ఆ రెండు మాటల కోసం. నవ్వొచ్చింది. పక్క టేబుల్ ఆయన తలెత్తి చూశాడు కూడా.

ఆ గీతలోనే మిగతా కథ ఉంది. అప్పటికి ఇల్లు ఇప్స్‌విచ్ బ్రూవరీ ఒకదాని చేతికి పోయింది. ఆవిడ 1899లో పోయాక లైసెన్సు అల్లుడి పేరు మీదకి మారింది. చివర ఎర్రసిరాతో, 1908లో రద్దు. ఎందుకు రద్దయిందంటే, 1869కి ముందు నుంచీ ఉన్న బీర్‌హౌస్‌లని తీసెయ్యడం మేజిస్ట్రేట్లకి అంత తేలిక కాదు, నడత బాగాలేదనో గొడవలనో చట్టం చెప్పిన నాలుగు కారణాల్లో ఒకటి చూపాలి. 1904లో ఆ చిక్కుముడి విప్పారు. ఊళ్లో పబ్బులు మరీ ఎక్కువయ్యాయనుకుంటే మూయించవచ్చు, బదులు నష్టపరిహారం ఇవ్వాలి. ఆ డబ్బు సర్కారుది కాదు, మిగిలిన పబ్బుల దగ్గర వసూలు చేసిందే. అంటే మా ఇంటి తలుపు మూయించడానికి 'ప్లౌ' వాడూ 'బెల్' వాడూ చందా వేశారన్నమాట. పెద్ద వాటా బ్రూవరీకి పోయేది, అమ్ముకుని బతికే అల్లుడి లాంటివాళ్లకి చిన్న ముక్క. తాగి పాడైపోయి మూతపడిందని కాదు, ఇంకో కొట్టు అక్కర్లేదని మూసేశారు. నాకిది కాస్త అన్యాయంగానే తోచింది, మందు ముట్టని దాన్నైనా సరే.

లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో 1910 భూముల మదింపు పుస్తకం కూడా చూశాను. అప్పటి ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ భూమి మీద పన్ను వెయ్యాలని దేశంలో ప్రతి ఇల్లూ కొలిపించిన పుస్తకాలవి. మా ఇంటికి రెండు వాక్యాలు: ఇటుక, పెంకు, కింద రెండు గదులు, పైన మూడు, వెనక కొట్టం, పూర్వం బీర్‌హౌస్.

పోయిన నెల ఎదురింటి పెద్దాయనకి ఇవన్నీ ప్రింట్లు తీసి తీసుకెళ్లాను. పేరు లేదట, రిజిస్టర్లోనే రాశారు అని చెప్పి, ఆవిడ ఇంటిపేరు చదివాను. (ఇక్కడ రాయను, ముని మనవలు చుట్టుపక్కలే ఉన్నారు.) ఆయన టీ కప్పు కింద పెట్టేశారు.

"మదర్ ఫలానా! మా తాత ఎప్పుడూ 'మదర్ ఫలానా దగ్గరికి' అనేవాడు. అది ఇంకెక్కడో, పక్క ఊళ్లో అనుకున్నాను ఇన్నేళ్లూ."

ఆవిడ పోయి, కొట్టు అల్లుడిది అయి, అది కూడా మూతపడిన ముప్ఫై ఏళ్లకి గానీ ఈయన పుట్టలేదు. వాళ్ల తాత మాత్రం ఆ పేరుతోనే చెప్పుకుంటూ వచ్చాడు.

గుమ్మం దాకా వచ్చి ఆయన మా గోడకేసి చూశారు. గుర్తే లేనప్పుడు కొక్కెం బోర్డుది ఎలా అవుతుందండీ అన్నాను. దీపం వేలాడదీసి ఉంటారేమో, చక్రాలవాడు ఏదైనా కట్టుకుని ఉంటాడేమో. ఆయన ఒప్పుకోలేదు. "బోర్డుదే" అన్నారు. "మీ పూలు ఎండిపోతున్నాయి, అది చూసుకోండి ముందు."